ఆక్టోపస్ జగిత్యాలకు పరాయిది కాదు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఇంటర్ బైపీసీలో మొలస్కా పాఠం ఎట్లా సాగుతుందో ఆ క్లాసులో కూర్చున్న ఎవరినడిగినా చెబుతారు. డెంటాలియం అంటే దంతపు గుల్ల, లోలిగో అంటే స్క్విడ్, సెపియా అంటే కటిల్ ఫిష్, ఆక్టోపస్ అంటే డెవిల్ ఫిష్, అప్లీసియా అంటే సముద్రపు కుందేలు. జతలు రాయించడంతో పాఠం అయిపోతుంది. "ఇవన్నీ సముద్రంల ఉంటయి, మన దగ్గర కనబడేటివి కావు. నీట్‌ల ఒక బిట్టు అడుగుతడు, పేర్లు యాది పెట్టుకుంటే చాలు" అన్నది ఏ ఒక్క అధ్యాపకుడి మాటో కాదు. తల్లిదండ్రులు, గైడ్లు రాసేవాళ్ళు, చివరికి పిల్లలు కూడా ఒప్పేసుకున్న మాట. కొంచెం ఆలోచనాపరులు దీన్నే స్థానికత పేరుతో సమర్థిస్తారు. సముద్రం లేని జిల్లాల పిల్లలకు సముద్ర జంతువుల గోల దేనికి, ఆ గంట గొర్రె గురించో బర్రె గురించో చెప్పొచ్చు కదా అంటారు.

ఈ వాదన పూర్తిగా తప్పు. గొర్రె గురించి చెప్పాలన్నా మొలస్కా చెప్పక తప్పదు. మొలస్కా అర్థం కావాలంటే దంతపు గుల్లనూ స్క్విడ్‌నూ ఆక్టోపస్‌నూ పక్కన పెట్టి లాభం లేదు. ఈ రెండు ముడులూ విడదీయలేనివి. విడదీసి చదివించడం వల్ల నష్టపోతున్నది జీవాలు మేపుకునే ఇళ్ళ పిల్లలే.

ముందు ఆ "మన దగ్గర కనబడవు" సంగతి చూద్దాం. జగిత్యాల నుంచి ఏ తీరానికి గీత గీసినా మూడున్నర వందల కిలోమీటర్లకు తగ్గదు, నిజమే. కానీ అదే జిల్లాలోని ధర్మపురిలో గోదావరి ఒడ్డున ఇళ్ళలో తరతరాలుగా పూజలందుకుంటున్న సాలగ్రామాలేమిటి? నేపాల్‌లో ముక్తినాథ్ దగ్గర కాళీ గండకి నది దొర్లించి తెచ్చే ఆ నల్లని రాళ్ళలో ఉన్నవి అమ్మొనైట్ల శిలాజాలు. రాయిని దీపం వెలుతురుకు పట్టి రంధ్రంలోంచి లోపలికి చూస్తే చక్రం కనబడుతుంది. చుట్ట మీద చుట్ట, ప్రతి చుట్ట మీద కేంద్రం వైపు తిరిగిన సన్నని గాట్లు. పది కోట్ల ఏళ్ళకు పైబడిన కిందట సముద్రంలో ఈదిన ఒక జంతువు గుల్ల అది. అమ్మొనైట్లు 6.6 కోట్ల ఏళ్ళ నాడు డైనోసార్లతో పాటే అంతరించిపోయాయి. వాటికి దగ్గరి బంధువులు ఇప్పటి స్క్విడ్, ఆక్టోపస్‌లే. విష్ణుచక్రంగా భావించి మొక్కేవారి భక్తికి ఈ సంగతి వల్ల వచ్చే లోటేమీ లేదు. కానీ ఆక్టోపస్ చుట్టం తన దేవుడి గూట్లోనే ఉన్నదని ధర్మపురి పిల్లకు తెలియకపోవడం మాత్రం లోటే.

పసారి దుకాణానికి వెళ్ళి సముద్రపు నురుగు అడగండి. తెల్లగా, చేతిలో బరువే తెలియని కోలపలక ఒకటి తూచి ఇస్తారు. నాటు వైద్యంలో వాడతారు, పంజరం చిలుకలకు సున్నపు సత్తువ కోసం కట్టేవాళ్ళూ ఉన్నారు. అది నురుగు కాదు, సెపియా ఒంట్లోని గుల్ల. అడ్డంగా విరిచి చూస్తే పొర మీద పొర, పొరల మధ్య నిలబెట్టిన సన్నని గోడలు, గోడల మధ్య ఖాళీ గదులు కనిపిస్తాయి. ఆ గదుల్లోకి నీటినీ గాలినీ అటూ ఇటూ మార్చుకుంటూ సెపియా నీళ్ళలో తేలే ఎత్తును సరిచూసుకుంటుంది. గోటితో గీస్తే పొడి రాలే ఆ పలక చాలు, గుల్ల బయట ఉండే నత్తకూ గుల్ల లోపలికి పోయిన స్క్విడ్‌కూ మధ్య మెట్టు ఏదో చూపించడానికి. ఇక ఎల్లమ్మను కొలిచే బైండ్లవారి గవ్వలు, గుడిలో ఊదే శంఖం ఉండనే ఉన్నాయి. సముద్రం రాకపోయినా సముద్రపు గుల్ల ఇక్కడికి ఎప్పుడో వచ్చింది.

గుల్లలు చూపించినంత మాత్రాన పాఠం అయిపోదు. అసలు సంగతి ఆ గుల్లల కింది శరీరానిది. మొలస్కా వర్గం మొత్తానికి ఒకే నమూనా. కిందుగా కండరాల పాదం, పైన అంతరాంగాల మూట, దాన్ని కప్పుతూ ప్రావారం, ప్రావారం స్రవిస్తే ఏర్పడే గుల్ల, నోట్లో ఆకురాయి లాంటి రాడ్యులా. ఈ అయిదింటిలో దేన్ని సాగదీశారు, దేన్ని కుదించారు, దేన్ని వదిలేశారు అన్న ప్రశ్న వేసుకుంటూ పోతే పాఠంలో బట్టీ పట్టవలసింది దాదాపు మిగలదు. జతలు రాయించే పద్ధతి ఈ ప్రశ్ననే చంపేస్తున్నది.

దంతపు గుల్లనే తీసుకోండి. క్లాసులో దానికి దక్కేది ఒక పేరు, ఒక ఉపమానం. ఏనుగు దంతంలా ఉంటుంది, అంతే. నిజానికి ఈ చిన్న జంతువు బతుకు చూస్తే మనిషి ఆగిపోవలసిందే. గుల్ల రెండు కొసలా తెరిచి ఉంటుంది. వెడల్పు కొస కిందికి వచ్చేలా ఒండులో, ఇసుకలో ఏటవాలుగా కూరుకుపోయి, సన్నకొసను మాత్రం నేల పైకి పెట్టి ఉంటుంది. తల, పాదం నేలలోనే. ఆ పాదాన్ని ఇసుకలోకి పొడిచి, కొస విప్పి, లంగరు వేసినట్టు పట్టు బిగించి ఒంటిని లాక్కుంటుంది. కళ్ళు లేవు, చీకట్లో కళ్ళతో పనీ లేదు. మొప్పలు కూడా లేవు. పై కొస నుంచి వచ్చిపోయే నీటిలోంచి ప్రావారమే ఊపిరి పీల్చుకుంటుంది. నోటి చుట్టూ సన్నని దారాలు, కాప్టాక్యులా అంటారు, ఇసుక రేణువుల సందుల్లోకి పాకి, జిగురు కొసలతో సూక్ష్మజీవులను అంటించుకుని నోటికి అందిస్తాయి. వాటి గట్టి పెంకులను నలగ్గొట్టడానికి బలమైన రాడ్యులా ఉంది. మెత్తని నేలలో పూడుకుపోయి బతకాలంటే ఏవి ఉంచుకోవాలి, ఏవి వదిలేయాలి అన్నదానికి ఈ జంతువే జవాబు. ఉత్తర అమెరికా పసిఫిక్ తీరపు మూలవాసులు ఈ గుల్లలనే దండలు గుచ్చి డబ్బుగా చలామణి చేశారు. మన గవ్వల కథ ఎరిగిన పిల్లలకు ఆ ముక్క చెబితే దంతపు గుల్లను మర్చిపొమ్మన్నా మర్చిపోరు.

అదే నమూనాను వేగం కోసం తిరగరాస్తే స్క్విడ్. నత్త పాకే పాదం ఇక్కడ నీటిని చిమ్మే గొట్టమైంది. ప్రావారం మందపాటి కండరాల సంచిగా మారి, ఒక్కసారిగా బిగుసుకుని నీటిని ఆ గొట్టంలోంచి తోస్తే జంతువు వెనక్కి దూసుకుపోతుంది. గుల్ల పారదర్శకమైన ఈక లాంటి ముక్కగా లోపల మిగిలింది. ఈ దూకుడుకు ఒక షరతు ఉంది. సంచి అంతా ఒకే క్షణంలో బిగుసుకోవాలి. దూరంగా ఉన్న కండరానికి కూడా ఆజ్ఞ ఆలస్యం కాకుండా చేరాలి. అందుకోసం స్క్విడ్ ఒంట్లో ఏర్పడిన ఏర్పాటే మహా ఆక్సాన్. పెద్ద స్క్విడ్‌లలో దాని మందం ఒక మిల్లీమీటరు దాకా ఉంటుంది. అది రక్తనాళమో మరోటో కాదు, నాడీ తంతువేనని 1936లో జంతుశాస్త్రవేత్త జె.జెడ్. యంగ్ తేల్చాడు. మూడేళ్ళకు, 1939లో, అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ ఇంగ్లండులోని ప్లిమత్ ప్రయోగశాలలో దాని లోపలికి ఎలక్ట్రోడు దించి, నాడి మీద సందేశం పరుగెత్తేటప్పుడు వోల్టేజి ఎట్లా మారుతుందో కొలిచారు. యుద్ధం వల్ల ఆగిన పనిని మళ్ళీ అందుకుని 1952లో సోడియం, పొటాషియం అయాన్ల రాకపోకలతో ఆ సందేశాన్ని లెక్కగట్టి చూపారు. 1963లో జాన్ ఎకిల్స్‌తో కలిపి వారికి నోబెల్ వచ్చింది.

కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి విద్యార్థి మొదటి ఏడాది శరీరధర్మశాస్త్రంలో నాడీ ప్రచోదనం గ్రాఫు గీస్తాడు. పైకి లేచి, దిగి, గీత కిందికి కొంచెం జారి, మళ్ళీ సర్దుకునే ఆ వంపును నాడి లోపలి నుంచి తొలిసారి కొలిచింది గొర్రెలోనో కుక్కలోనో కాదు, స్క్విడ్‌లో. గొర్రెకు మత్తు సూది ఇచ్చినప్పుడు నొప్పి ఎందుకు తెలియదు అన్న ప్రశ్నకు జవాబు మొదలయ్యేది ఆ సోడియం దారుల దగ్గరే. గొర్రె నాడి సన్నంగా ఉన్నా కొవ్వుతొడుగు వల్ల వేగం సాధించింది, స్క్విడ్ మందంతో సాధించింది. ఇంటర్‌లో ఈ పోలిక చెప్పించుకున్న పిల్లవాడు కోరుట్ల క్లాసులో ఆ గ్రాఫును అర్థం చేసుకుంటాడు. లోలిగో అంటే స్క్విడ్ అని మాత్రమే నేర్చుకున్నవాడు అక్కడా బట్టీయే పడతాడు. "ఒక మార్కు పాఠం" అని కొట్టిపారేసిన చోట మనం పోగొట్టుకుంటున్నది ఇది. జ్ఞాపకం ఎట్లా నిలుస్తుందో వెతుకుతూ ఎరిక్ కాండెల్ ఏళ్ళ తరబడి పనిచేసింది జతల పట్టికలోని ఆ సముద్రపు కుందేలు మీదే. 2000లో ఆయనకూ నోబెల్ వచ్చింది.

దీనికి ఎదురు కొసన మరో ధోరణి ఉంది. పిల్లలు క్లాసులో పోగొట్టుకున్న ఆక్టోపస్‌ను సెల్‌ఫోన్‌లో వెతుక్కుంటున్నారు. అక్కడ దొరికేది తొమ్మిది మెదళ్ళ ఆక్టోపస్, నీలి నెత్తురు ఆక్టోపస్, అంతరిక్షం నుంచి ఊడిపడ్డ ఆక్టోపస్. 2010 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో గెలుపు జోస్యాలు చెప్పిన జర్మనీ ఆక్టోపస్‌ను మన పత్రికలు మొదటి పేజీ దాకా తెచ్చాయి. 2018లో కొందరు శాస్త్రవేత్తలు ఏకంగా ఒక పరిశోధనా పత్రికలోనే, ఆక్టోపస్ గుడ్లు తోకచుక్కల మీద గడ్డకట్టి భూమికి వచ్చి ఉండవచ్చని రాశారు. ఆధారం లేదని జీవశాస్త్రవేత్తలు తోసిపుచ్చారు. వీడియోలు మాత్రం ఇప్పటికీ దాన్నే చెబుతున్నాయి. "మనకు సంబంధం లేదు" అనే అధ్యాపకుడూ, "ఈ లోకానిదే కాదు" అనే వీడియో వాడూ చేస్తున్నది ఒకటే పని. ఆక్టోపస్‌ను దాని కులం నుంచి వేరు చేస్తున్నారు.

వరిమడి గట్టు మీద నత్తతో ఆ వింతలన్నీ తేలిపోతాయి. నత్తలో నాడీ సంధులు జతలు జతలుగా అన్నవాహిక చుట్టూ ఉంగరంలా ఉంటాయి. ఆక్టోపస్ మెదడు అవే సంధులు ఉబ్బి, కలిసిపోయి, అదే చోట అదే ఉంగరంగా ఏర్పడింది. అందుకే అది మింగే ఆహారం మెదడు నడుమ నుంచే పోతుంది. ఆక్టోపస్‌కు దాదాపు 50 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. వాటిలో మూడింట రెండు వంతులు ఎనిమిది చేతుల్లో ఉండడం నిజం. చేతులు తమంత తాము రుచి చూసి, పట్టు విడిచి, పట్టు బిగించగలవు. దానికి తొమ్మిది మెదళ్ళని పేరు పెట్టడం లెక్క తప్పు. మెదడు ఒకటే, పని పంచుకున్న చేతులు ఎనిమిది. నీలి నెత్తురు కూడా వింత కాదు. ఆక్సిజన్ మోసే రాగి పదార్థం హీమోసయనిన్ మన చెరువు నత్త పైలాలోనూ ఉంది. దాని పక్కనే అదే నీళ్ళలో ఉండే ఇండోప్లానార్బిస్ అనే చదునైన నత్తను నలిపితే మన నెత్తురులా ఎర్రటి ద్రవం వస్తుంది, దానిది హీమోగ్లోబిన్. ఒకే మడిలో రెండు రంగుల నెత్తురున్నప్పుడు ఆక్టోపస్ నెత్తురుకు అంతరిక్షం దాకా వెళ్ళనక్కర లేదు. 2015లో ఆక్టోపస్ జన్యుపటం వెలువడింది. సుమారు 33,000 జన్యువుల్లో నాడుల అల్లికకు పనికొచ్చే ఒక కుటుంబం విపరీతంగా పెరిగి ఉంది. కానీ మిగతా నమూనా మొలస్కాదే. అబ్బురం దానిలోనే ఉంది. నత్తకు ఉన్న సామగ్రితోనే సీసా మూత విప్పే బుర్ర, చర్మం మీద క్షణంలో రంగులు మార్చే నాడులు, చూపులో గుడ్డిమచ్చ లేని కన్ను తయారయ్యాయి. ఇన్ని చేసి, చాలా జాతుల్లో ఒకటి రెండేళ్ళకే, తల్లి గుడ్లను కాచి కాచి చనిపోతుంది.

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం, ఎందుకంటే ఈ వాదనలో ప్రాణాలకు సంబంధించిన భాగం ఇక్కడే ఉంది.

జీవాల్లో దవడ కింద నీటిసంచి దిగి, ఒళ్ళు పాలిపోయి, మేత మేస్తున్నా చిక్కిపోయే జబ్బు మందలు మేపేవాళ్ళకు కొత్త కాదు. కోసినప్పుడు చూడండి. కార్జం మీద పైత్యనాళాలు తాళ్ళలా గట్టిపడి, తెల్లబారి ఉంటాయి. కత్తి మొనతో ఒక నాళాన్ని చీల్చి నొక్కితే బూడిద గోధుమ రంగులో, వేపాకు లాంటివి, అంగుళం నుంచి మూడంగుళాల దాకా ఉన్నవి ఒకదాని మీద ఒకటి జారి వస్తాయి. అవే కార్జపు జలగలు, మన దగ్గర ఎక్కువగా ఫాసియోలా జైగాంటికా. ఈ జలగ గొర్రె నుంచి గొర్రెకు నేరుగా అంటదు. పేడతో పడ్డ గుడ్డు నీటిలో పగిలి, లోంచి వచ్చిన పిల్ల నత్తను వెతుక్కోవాలి. దొరక్కపోతే కొన్ని గంటల్లో చస్తుంది. అది కూడా ఏ నత్తైనా పనికిరాదు, లిమ్నియా జాతివే కావాలి. నత్త ఒంట్లో చేరాక ఒక్కటి వందలవుతుంది. నత్తను వదిలి ఈదుకుంటూ పోయి గడ్డిపోచకు అంటుకుని, పైన గట్టి తొడుగు కట్టుకుని కూర్చుంటుంది. చెరువు నీళ్ళు వెనక్కి జరిగిన కొద్దీ శికంలో పచ్చగా లేచే ఆ గడ్డిని జీవాలు మేస్తాయి.

1879, 80 సంవత్సరాల్లో ఇంగ్లండులో ఈ జబ్బుతో లక్షల గొర్రెలు చనిపోయాయి. ఆ దెబ్బకే జలగ బతుకంతా కనిపెట్టవలసి వచ్చింది. 1880ల తొలినాళ్ళలో ఆక్స్‌ఫర్డ్‌లో థామస్, జర్మనీలో ల్యూకార్ట్ ఎవరికి వారు ఆ దారిని నత్త దాకా పట్టుకున్నారు. అంటే గొర్రెల వైద్యంలో అతి పెద్ద చిక్కుముడుల్లో ఒకటి విప్పింది నత్తల గురించిన చదువు. గొర్రె పాఠం పెట్టి మొలస్కా పాఠం తీసేయమనేవాళ్ళు దీన్ని ఎట్లా దాటుతారు?

నట్టల మందు పోస్తున్నాం కదా అనవచ్చు. పోయాలి. కానీ ప్రతి నట్టల మందూ కార్జపు జలగను చంపదు. కార్జాన్ని తొలుచుకుపోయే లేత జలగల మీద పనిచేసేది ట్రైక్లాబెండజోల్ లాంటి కొద్ది మందులే. మందు పోసిన మంద మర్నాడు మళ్ళీ అదే శికంలో దిగితే కథ మొదటికి వస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో గొర్రెల పంపిణీ మొదలుపెట్టి, ఒక్కో కుటుంబానికి ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు 75 శాతం రాయితీతో ఇచ్చింది. గొల్ల, కురుమ ఇళ్ళల్లోకి జీవాలు వచ్చాయి. ఆ ఇళ్ళ పిల్లల పుస్తకంలోకి ఆ జీవాలను చంపే నత్త మాత్రం రాలేదు. పుస్తకంలో పైలా పేరు ఉంది, లిమ్నియా దారి చూపేవాళ్ళు లేరు.

పైగా నీళ్ళు పెరుగుతున్నాయి. 1963లో పోచంపాడు దగ్గర నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ జగిత్యాల పొలాల గుండా పోతుంది. సిరిసిల్ల చుట్టూ నర్మాల దగ్గర ఎగువ మానేరు, మన్వాడ దగ్గర మధ్య మానేరు. జగిత్యాల సన్నాలు పుట్టిన పొలాస పరిశోధనా కేంద్రం చుట్టూ ఎటు చూసినా వరి. ఇది సంతోషించవలసిన సంగతే. కానీ పారే నీరు నిలిచిన నీరయ్యే ప్రతిచోటా నత్తకు ఇల్లు దొరుకుతుంది. సెనెగల్ నది మీద 1986లో డియామా ఆనకట్ట పూర్తయ్యాక ఏం జరిగిందో ప్రపంచం చూసింది. ఉప్పునీరు ఆగిపోయి, మంచినీటి నత్తలు పెరిగి, రెండేళ్ళలోనే రిషార్-తోల్ పట్టణంలో మనుషులకు నెత్తురు జలగల జబ్బు విరుచుకుపడింది. నత్తలను తినే నది రొయ్యలు ఆనకట్ట దాటలేకపోవడం కూడా ఒక కారణమని గుర్తించి, ఆ రొయ్యలను తిరిగి వదిలి చూస్తే జబ్బు తగ్గింది. ఆ రొయ్య మన నీలకంఠ రొయ్యకు అన్నదమ్ముల వరస. మన దగ్గర మనుషులకు ఆ జబ్బు లేదు. కానీ దానికి సోదరి అయిన పశువుల జలగ ఇండోప్లానార్బిస్ నత్తల్లోనే పెరిగి, ముక్కులో చేరి ఎడ్లకు గురక రోగం తెస్తుంది. నాట్లు వేసేవాళ్ళ కాళ్ళ దురదకు ఉన్న కారణాల్లో ఈ జలగ పిల్లలూ ఒకటి.

సరే, ఊరి నత్తలు చెబుదాం, స్క్విడ్, దంతపు గుల్ల తీసేద్దాం అంటే? ఇది నాకు ఎదురైన అభ్యంతరాల్లో గట్టిది, అందుకే సూటిగా జవాబు చెబుతాను. లిమ్నియాకు మొప్పలు లేవు, ప్రావారపు గదే ఊపిరితిత్తి. అందుకే నీటి అంచుల్లోనే, గడ్డి దగ్గరే ఉంటుంది, జలగకు అక్కరకొస్తుంది. ప్రావారం ఎన్ని అవతారాలెత్తుతుందో తెలియనివాడికి ఇది ఒక విడి వాక్యం, బట్టీకి మరో బిట్టు. దంతపు గుల్లలో అదే ప్రావారం మొప్ప లేని ఊపిరైందని, స్క్విడ్‌లో ఈదే కండరమైందని చూసినవాడికి లిమ్నియా ఎందుకక్కడ ఉంటుందో తనంత తానే తడుతుంది. ఒక జంతువును దాని బంధువులతో పెట్టి చూడకపోతే కనబడేది దాని పేరే. సముద్రం కావాలా, ఊరి చెరువు కావాలా అని ఎంచుకోమనడమే అన్యాయం.

కోరుట్లలో పశువైద్యం చదివేవాళ్ళకు జలగలూ నత్తలూ ఎట్లాగూ చెబుతారు కదా అనేది మరో సమాధానం. పొలాసలో, సిరిసిల్ల దగ్గరి జిల్లెళ్ళలో వ్యవసాయ కళాశాలలూ ఉన్నాయి. కానీ వాటి గేటు దాటేది బైపీసీ చదివినవారిలో కొద్దిమంది. మిగతావారు నర్సులవుతారు, టీచర్లవుతారు, దుబాయి పోతారు, మందల దగ్గరికి తిరిగి వస్తారు. వాళ్ళు జంతుశాస్త్రం చదివే ఆఖరి చోటు ఇంటరే.

ఖర్చు లేకుండా చేయదగ్గ పని ఇది. కార్తీకం వెళ్ళాక చెరువు అంచున ఒక గంట, చేతులకు తొడుగులతో. దొరికిన గుల్లలను మొన పైకి, నోరు మన వైపుకు పట్టి చూడాలి. నోటికి గట్టి మూత ఉంటే పైలా కుటుంబానిదో దాని వరసదో, గొర్రె కార్జానికి దానితో భయం లేదు. మూత లేక, పలుచగా, నోరు కుడిపక్కన పెద్దగా తెరిచి ఉంటే లిమ్నియా, ఆ అంచున గడ్డి జీవాలకు వద్దు. నోరు ఎడమకు తిరిగితే ఫైసా, వదిలేయవచ్చు. చక్రంలా చదునుగా చుట్టుకుని ఉంటే ఇండోప్లానార్బిస్, గురక రోగానిదీ పొట్ట జలగలదీ. ఆ తర్వాత క్లాసులో సముద్రపు నురుగు పలకను విరిచి, అమ్మొనైట్ బొమ్మను పక్కన పెట్టి, ఈ గుల్ల లోపలికి ఎట్లా పోయిందో అడగాలి. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్ళు కూడా డెంటాలియం సాధారణ నామం ఏమిటని అడగడం మాని, దంతపు గుల్లకూ లిమ్నియాకూ మొప్పలు ఎందుకు లేవో, రెండూ దేనితో ఊపిరి పీలుస్తాయో నాలుగు మార్కులకు అడగాలి.